అంజి లేని అమృత విలాస్

2020 మార్చి 25, ఉగాది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన రోజు. సరిగ్గా ఆ రోజే జీ5లో 'అమృతం ద్వితీయం' మొదలైంది. 2001 నుంచి 2007 దాకా జెమిని టీవీలో ఆదివారం రాత్రుళ్లు ఇంటిల్లిపాదినీ నవ్వించిన 'అమృతం' ధారావాహికకు అది కొనసాగింపు. ఒక హాస్య కార్యక్రమానికి అంతకంటే అనువైన వేళ దొరకదు. జనమంతా ఇళ్లలోనే ఉన్నారు, అందరి మనసుల్లోనూ బెంగ ఉంది, నవ్వించేవాడు కనిపిస్తే చాలన్నట్టుంది పరిస్థితి. మా ఇంట్లో అందరం ఒక్కచోట చేరి పెట్టుకున్నాం. 'అమృత విలాస్' హోటల్ నడిపే అమృతంగా హర్షవర్ధన్ కనబడ్డాడు. అద్దె కోసం వెంటపడే అప్పాజీ వచ్చాడు, హోటల్లో పనిచేసే సర్వం వచ్చాడు. ఆ తర్వాత అమృతం నేస్తం అంజి వచ్చాడు, ఎల్బీ శ్రీరామ్ రూపంలో. పాత అంజి గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరిలోనే కన్నుమూసిన సంగతి మా అమ్మకు తెలుసు. అయినా కాసేపు చూసి, పొయ్యి మీద ఏదో ఉందంటూ లేచి వెళ్లిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. రాత్రి భోజనాలయ్యాక యూట్యూబ్‌లో పాత అమృతం పెట్టమని అడిగింది.

ఆ రోజు నుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. పాత ధారావాహికలో అమృతం పాత్రను శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు. కార్యక్రమం పేరే ఆ పాత్రది. అయినా ముఖం మారినప్పుడల్లా నాలుగు వారాలు తిరిగేసరికి అలవాటు పడిపోయాం. అంజి ముఖం మారితే మాత్రం తట్టుకోలేకపోయాం. ఎల్బీ శ్రీరామ్ సామాన్యుడా? ఈవీవీ సినిమాలకు మాటలు రాసినవాడు, 'అమ్మో ఒకటో తారీఖు'ను భుజాల మీద మోసినవాడు. లోపం ఆయనలో లేదు. అంతకుముందు 2014లో గుణ్ణం గంగరాజు స్వయంగా 'అమృతం చందమామలో' సినిమా తీశారు. సృష్టికర్త ఆయనే. ఈసారి హోటల్ పెట్టింది ఏకంగా చంద్రుడి మీద. అమృతం, అంజి పాత్రలు కొత్తవాళ్లకిచ్చారు. జనం రాలేదు.

కొనసాగింపు సినిమా వచ్చిన ప్రతిసారీ హాలు బయట వినిపించే మాట ఒకటే: "పాతదానిలా లేదు." తర్వాత వెంటనే వచ్చే మాట: "ఆయనకు వయసైపోయింది." ఈ రెండు మాటల వెనకా నిజమైన బాధ ఉందని నేను నమ్ముతాను. కానీ ఆ బాధకు చెబుతున్న కారణం చాలాసార్లు తప్పు. దాన్ని విడదీసి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

శుభం కార్డు పడ్డాక

మొదట ఒక తేడా గమనించాలి. 'బాహుబలి' మొదటి భాగం 2015లో ఒక ప్రశ్నతో ముగిసింది. ఆ ప్రశ్నకు జవాబు కోసం జనం రెండేళ్లు ఎదురుచూశారు. అక్కడ రెండో భాగం ప్రేక్షకుడికి రావాల్సిన బాకీ. హాస్య చిత్రంలో అలాంటి బాకీ ఏదీ మిగలదు. అపార్థాలు తొలగిపోతాయి, పెళ్లి జరిగిపోతుంది, అందరూ వరుసగా నిలబడి ఫోటో దిగుతారు, శుభం కార్డు పడుతుంది. అలా మూసేసిన తలుపును మళ్లీ తెరవాలంటే రచయిత ఏదో ఒకటి చెడగొట్టక తప్పదు. కలిసిన జంటను విడదీయాలి, బుద్ధి తెచ్చుకున్నవాడికి మళ్లీ బుద్ధి పోగొట్టాలి. అది ప్రేక్షకుడికి నచ్చదు. ఆ జంట సుఖంగా ఉందని నమ్మి ఇంటికి వెళ్లినవాడు కదా!

ఈ చిక్కును మన దర్శకులు రకరకాలుగా దాటారు. అనిల్ రావిపూడి 2019లో 'ఎఫ్2' తీసి, 2022లో 'ఎఫ్3' తీసినప్పుడు పాత కథను పూర్తిగా పక్కన పెట్టారు. అవే ముఖాలు, అవే అరుపులు, అదే ఇంటి గోల, కానీ ఈసారి గొడవ డబ్బుతో. వెంకటేశ్‌కు రేచీకటి, వరుణ్ తేజ్‌కు నత్తి. మొదటి సినిమాలో వాళ్లకు ఏం జరిగిందో గుర్తుండాల్సిన అవసరమే లేదు. 'టిల్లు స్క్వేర్' (2024) ఇంకా తెలివైన దారి పట్టింది. 'డీజే టిల్లు' (2022)లో ఒక అమ్మాయి వెంటపడి శవం పంచాయతీలో ఇరుక్కున్నవాడు, రెండోసారీ మరో అమ్మాయి వెంటపడి మరో పంచాయతీలో ఇరుక్కుంటాడు. ఒకే గోతిలో రెండుసార్లు పడుతున్నానన్న సంగతి టిల్లుకూ తెలుసు, మనకూ తెలుసు. ఎప్పటికీ నేర్చుకోకపోవడమే వాడి స్వభావం కాబట్టి పునరావృతం తప్పుగా తోచలేదు. టికెట్టు కొన్నది ఆ నోటి దురుసు కోసం, ఆ నడక కోసం.

కాబట్టి హాస్యంలో కొనసాగాల్సింది మనిషి బలహీనత. పిసినారితనం, పిరికితనం, గొప్పలు చెప్పుకోవడం, అత్యాశ. ఇవి ఒక సినిమాతో తీరేవి కావు, ఎన్ని కొత్త సందర్భాల్లో పెట్టినా పండుతాయి. 'మనీ' (1993)లో బ్రహ్మానందం వేసిన ఖాన్ దాదా సంగతే చూడండి. కథకు అతడు పక్కవాడు. కానీ 1995లో 'మనీ మనీ' వచ్చినప్పుడు జనం వెతుక్కున్నది ఖాన్ దాదానే, ఎందుకంటే ఆ రౌడీకి ఉన్న సినిమా పిచ్చి, తన మీద తనకున్న అపారమైన నమ్మకం మొదటి సినిమాతో అయిపోలేదు. 2011లో 'మనీ మనీ మోర్ మనీ' వచ్చేసరికి మాత్రం పదహారేళ్లు గడిచాయి. పేరు మిగిలింది, ఆ వీధి వాతావరణం మిగల్లేదు.

పేరు మాత్రమే మిగిలిన సందర్భాలు తక్కువేమీ కాదు. నిర్మాత వైపు నుంచి చూస్తే కారణం అర్థమవుతుంది. తెలిసిన పేరు పోస్టరు మీద ఉంటే ప్రచారం సగం అయిపోయినట్టే, మొదటి రోజు టికెట్లు తెగుతాయి, ఓటీటీ వాళ్లతో బేరం కుదరడమూ సులువే. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కానీ ఆ పేరు ప్రేక్షకుడికి ఒక మాట ఇస్తుంది. 2019లో 'మన్మథుడు 2' ఆ మాట నిలబెట్టుకోలేదు. 2002 నాటి 'మన్మథుడు'కు ప్రాణం త్రివిక్రమ్ మాటలు, విజయభాస్కర్ దర్శకత్వం, ఆడవాళ్లంటే పడని అభి వెనక దాగిన గాయం. రెండో దానిలో ఆ రచయిత లేడు, ఆ దర్శకుడు లేడు, ఆ అభి లేడు. అది ఒక ఫ్రెంచి సినిమాకు రీమేక్. వేరే పేరుతో వచ్చి ఉంటే జనం ఇంత కోపగించేవారు కారని నా అభిప్రాయం.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది 'ఫ్యాషన్ డిజైనర్ సన్నాఫ్ లేడీస్ టైలర్'. 1986లో 'లేడీస్ టైలర్' తీసిన వంశీయే 2017లో ఇదీ తీశారు. గోదావరి అదే, దర్శకుడి కన్ను అదే. హీరో ఆ టైలర్ సుందరం కొడుకు. పాత సుందరంలో రాజేంద్రప్రసాద్ బద్ధకాన్ని, కక్కుర్తిని ఎంత అమాయకంగా చూపించారంటే, అతడు చేసేవి వెధవ పనులని తెలిసినా కోపం రాదు. పక్కన మల్లికార్జునరావు బట్టల సత్తి ఉన్నాడు, వెనక ఇళయరాజా ఉన్నాడు, తనికెళ్ల భరణి మాటలున్నాయి. ముప్పై ఒక్క సంవత్సరాల తర్వాత అదే పల్లెకు వెళితే మల్లికార్జునరావు లేరు, ఇళయరాజా సంగీతం లేదు, అమ్మాయిల పుట్టుమచ్చ కోసం వెతికే మగవాణ్ని అమాయకుడిగా చూసే కాలమూ కాదు. వంశీ మారలేదు. చుట్టూ ఉన్నవన్నీ మారాయి.

చెంపదెబ్బకూ ఒక వయసుంటుంది

ఇక వయసు సంగతి. బ్రహ్మానందం 1956లో పుట్టారు. 'అహ నా పెళ్లంట' (1987)లో అరగుండుగా జనం కళ్లలో పడ్డారు. అప్పటికి వయసు 31. ఆ పాత్రకు జీతం లేదు, మర్యాద లేదు, యజమాని మీద కసి ఉంది, దాన్ని వెళ్లగక్కే ధైర్యం లేదు. తర్వాతి ఇరవై ఐదేళ్లు ఆయన పాత్రల్లో చాలావాటికి మూలధాతువు ఇదే: పైకి బింకం, లోపల బెదురు, చివరికి చెంపదెబ్బ.

2007లో శ్రీను వైట్ల 'ఢీ' వచ్చింది. అందులో చారి పాత్ర ఒక కొత్త అచ్చు పోసింది. హీరో విలన్ ఇంట్లో చేరతాడు, ఒక వెర్రిబాగులవాణ్ని పట్టుకుని అడ్డం పెట్టుకుంటాడు, వాడికి అసలు సంగతి తెలియకపోవడమే సినిమా రెండో సగం. 'రెడీ', 'కింగ్', 'దూకుడు', 'బాద్‌షా' దాకా ఈ అచ్చు అద్భుతంగా పనిచేసింది. 'దూకుడు'లో తాను రియాలిటీ షోలో ఉన్నానని నమ్మి, కనబడని కెమెరాల కోసం బతికే ఆ ముఖం ఇప్పుడు చూసినా నవ్వొస్తుంది. 2014లో 'ఆగడు'కు వచ్చేసరికి జనం మొహం తిప్పుకున్నారు. "బ్రహ్మానందం పని అయిపోయింది" అన్న మాట ఊరంతా పాకింది.

నిజంగా అయిపోయింది ఆ అచ్చు. దానితో పాటు ఇంకొకటి కూడా జరిగింది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ముప్పై ఏళ్ల పనివాణ్ని యజమాని తిడితే నవ్వుతాం. అరవైకి దగ్గరపడిన మనిషిని కుర్ర హీరో చెంప మీద కొడుతుంటే, తెరమీద నటన ఎంత బాగున్నా, మనలో ఎక్కడో చెయ్యి వెనక్కి లాగినట్టుంటుంది. పెద్దవాళ్ల మీద చెయ్యెత్తకూడదని పెరిగినవాళ్లం. ఆ ఇబ్బందికి పేరు పెట్టడం తెలియక, నవ్వు రాకపోవడానికి నటుణ్ని బాధ్యుణ్ని చేశాం. అదే సమయంలో ఆయన పాత సన్నివేశాల్లోని హావభావాలు ఫోనుల్లో మీమ్‌లుగా మారి, ఆ సినిమాలు వచ్చేనాటికి పుట్టని పిల్లలకు కూడా ఆయన ముఖం ఇంటి మనిషి ముఖమైపోయింది. పని అయిపోయిన నటుడికి ఇలా జరగదు.

దీనికి రుజువు 2021లో 'జాతిరత్నాలు'లో దొరికింది. అందులో బ్రహ్మానందం న్యాయమూర్తి. కొట్టించుకోడు, పరుగెత్తడు, గంతులెయ్యడు. కుర్చీలో కూర్చుంటాడు. కింద నవీన్ పోలిశెట్టి తన కేసు తానే వాదించుకుంటూ అర్థంపర్థం లేకుండా మాట్లాడుతుంటే, ఆయన వింటాడు. వినడమే పాత్ర. ఇన్నేళ్ల అనుభవం ఉన్న మనిషికి కూడా ఇలాంటివాడు ఎదురు కాలేదన్న విస్మయం ఆ కళ్లలో కనబడుతుంది. వయసు అక్కడ హాస్యానికి అడ్డు రాలేదు సరికదా, హాస్యమే అందులోంచి పుట్టింది. ముప్పై ఏళ్ల నటుణ్ని ఆ కుర్చీలో కూర్చోబెడితే ఆ చూపుకు అంత బరువు రాదు.

తర్వాత 2023లో కృష్ణవంశీ 'రంగమార్తాండ'. మరాఠీ 'నటసమ్రాట్'కు రీమేక్. ఆసుపత్రి మంచం మీద పడి ఉన్న రంగస్థల నటుడు చక్రపాణిగా బ్రహ్మానందం, ఎదురుగా ప్రకాశ్‌రాజ్. నేను చూసిన హాల్లో ఆయన మొదటిసారి కనబడగానే అలవాటు కొద్దీ కొందరు నవ్వారు. ఆసుపత్రి సన్నివేశానికి వచ్చేసరికి నా ముందు వరసలో కూర్చున్న పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఆ ముఖంలోని ప్రతి కండరమూ ఎలా కదులుతుందో మనకు ముప్పై ఐదేళ్లుగా తెలుసు. అది కదలకుండా ఆగినప్పుడు అంత దెబ్బ తగలడానికి కారణం ఆ పరిచయమే.

హాస్య కథానాయకుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. నాగార్జున దాదాపు అరవై ఏళ్ల వయసులో పెళ్లికాని ప్రసాదుగా కనబడితే ('మన్మథుడు 2') ఒప్పుకోని ప్రేక్షకులే, 2022 సంక్రాంతికి 'బంగార్రాజు'లో మనవడి కోసం స్వర్గం నుంచి దిగివచ్చిన చిలిపి తాతగా వస్తే స్వాగతం పలికారు. మనిషి అదే, సరసం అదే. తాత చేస్తే ముచ్చట, పెళ్లికొడుకు చేస్తే ఎబ్బెట్టు. వెంకటేశ్ ఈ కిటుకును అందరికన్నా ముందు పట్టుకున్నారు. 'ఎఫ్2'లో భార్య గొంతు వినబడగానే కోపం దిగమింగుకోవడానికి వేసే ఆ 'వెంకీ ఆసనం' పెళ్లయి ఏళ్లు గడిచినవాడికే నప్పుతుంది. 64 ఏళ్ల వయసులో, 2025 సంక్రాంతికి వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం'లో భార్యకూ పాత ప్రియురాలికీ మధ్య కూర్చున్నప్పుడు ఆయన మాట్లాడకుండా మింగిన గుటకకే హాలు గొల్లుమంది.

పుట్టుకతో పెద్దవాళ్లు

ఇక్కడ ఒక వింత ఉంది. కొందరు హాస్యనటులకు వయసు మీద పడినట్టు మనకు ఎన్నడూ అనిపించదు. 'అహ నా పెళ్లంట'లో దూలానికి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే లక్ష్మీపతి గుర్తున్నాడా? కోట శ్రీనివాసరావుకు అప్పటికి 45. పంచె, బనీను, ఆ కళ్లలోని లెక్కలు చూసి మనం ఆయన్ను అప్పుడే ముసలివాణ్ని చేసేశాం. 'గుండమ్మ కథ' (1962) నాటికి సూర్యకాంతానికి నలభై కూడా నిండలేదు. అయినా ఊరికంతటికీ అత్తగారు. అల్లు రామలింగయ్యదీ అదే దారి. మొదటినుంచీ పెద్దరికంతో నవ్వించినవాళ్లకు నిజంగా వయసొచ్చినప్పుడు తెరమీద మారాల్సింది ఏమీ ఉండదు. కుర్రతనంతో, చురుకుతో, దెబ్బలు తినే ఒంటితో నవ్వించినవాళ్లకే ఇబ్బంది. సునీల్ పక్కవాడి పాత్రల నుంచి కథానాయకుడిగా, అక్కడినుంచి 'పుష్ప' (2021)లో మంగళం శ్రీనుగా ప్రతినాయకుడి వైపు నడిచారు. 'సుడిగాడు' చేసిన అల్లరి నరేశ్ 'నాంది' (2021)తో గంభీరమైన పాత్రల్లోకి వెళ్లారు. ఇద్దరూ నవ్వించడం మరిచిపోయినవాళ్లు కారు. ఆ ఒంటికీ ఆ వయసుకూ తగ్గ హాస్యపాత్రలు రాసేవాళ్లు కరువయ్యారు.

ఆడవాళ్ల దగ్గరకొస్తే ఈ కరువు మరీ ఎక్కువ. 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984)లో శ్రీలక్ష్మి సినిమా కథ చెప్పడం మొదలుపెడితే పేర్లు పడే దగ్గర్నుంచి చెప్పేది. వినేవాడి ప్రాణం తోడేసే ఆ ఉత్సాహాన్ని అంత నిష్టగా చేసినవాళ్లు మళ్లీ కనబడలేదు. పాత హీరోల పాత్రలు తిరిగి తేవాలని అడిగేవాళ్లు లక్షల మంది ఉన్నారు. ఆ పాత్ర ఇప్పుడు అమ్మమ్మ అయి, మనవరాలికి వెబ్‌సిరీస్ కథ మొదటి ఎపిసోడ్ నుంచి చెబుతుంటే చూడాలని ఉందని నేనెక్కడా వినలేదు. నాకైతే ఎంతో ఉంది. రమాప్రభ కోసం కూడా అలాంటి పాత్ర ఒకటి ఎవరైనా రాయాలి.

ఖాళీ కుర్చీలు

2022 ఆగస్టులో 'పోకిరి' మళ్లీ హాళ్లకు వచ్చినప్పటి నుంచి పాత సినిమాల పునర్విడుదల పెద్ద పండుగైంది. 2018లో వచ్చిన 'ఈ నగరానికి ఏమైంది?' 2023లో తిరిగి విడుదలైతే కుర్రాళ్లు మాటలన్నీ పాత్రలకన్నా ముందే పలికారు. కొత్త సీక్వెల్‌ను నిర్దాక్షిణ్యంగా తీసిపారేసే ప్రేక్షకుడే, ఫోనులో ఎప్పుడంటే అప్పుడు దొరికే పాత సినిమాకు డబ్బు పెట్టి వెళుతున్నాడు. ఇందులో వైరుధ్యం లేదు. అక్కడ అతడికి కావలసిన మనుషులందరూ ఉన్నారు, ఎవరి చోట్లో వాళ్లు ఉన్నారు.

ఎందుకంటే తెలుగు హాస్యం పదిహేను మంది కలిసి పండించిన పంట. ఒక్క హీరో, ఒక్క కమెడియన్‌తో అది ఎప్పుడూ నడవలేదు. కాలేజీ సన్నివేశంలో ధర్మవరపు, పెళ్లింట్లో ఏవీఎస్, మందు సీసాతో ఎమ్మెస్ నారాయణ, వీధి మూలన కొండవలస, పక్కన వేణుమాధవ్. ఏవీఎస్, ధర్మవరపు 2013 నవంబరు, డిసెంబరు నెలల్లో వెంటవెంటనే వెళ్లిపోయారు. 2015లో ఎమ్మెస్, కొండవలస. 2018లో గుండు హనుమంతరావు. 2019లో వేణుమాధవ్. 2025 జులైలో కోట. 2000 ప్రాంతపు ఏ హాస్య చిత్రానికైనా ఇప్పుడు రెండో భాగం తీయాలంటే, హీరో హీరోయిన్లు దొరుకుతారు, ఇల్లు దొరుకుతుంది. ఆ ఇంటినిండా ఉండాల్సినవాళ్లు దొరకరు. "పాతదానిలా లేదు" అన్న మాటలో సగం విమర్శ, మిగతా సగం దుఃఖం.

కొత్త జట్లు రావడం లేదని కాదు. 'మత్తు వదలరా' (2019)లో డెలివరీ కుర్రాడిగా చేసిన సత్య, 2024లో వచ్చిన రెండో భాగాన్ని దాదాపు ఒంటిచేత్తో నడిపించాడు. శ్రీసింహాతో అతడి జోడీ అలాగే ఉంది, ఐదేళ్లే గడిచాయి, వెన్నెల కిశోర్ అందుబాటులో ఉన్నాడు. ఆ సినిమా పండడంలో ఈ మూడు సంగతులకూ పెద్ద వాటా ఉంది.

మళ్లీ అంజి దగ్గరికి వస్తాను. 'అమృతం' టైటిల్ పాట ఎవరిని ఉద్దేశించిందో ఎప్పుడైనా గమనించారా? అమృతాన్ని కాదు, ఆంజనేయుల్ని. అంత ఆయాసపడొద్దని, ప్రతి చిన్న కష్టానికీ బెంబేలెత్తొద్దని సిరివెన్నెల సీతారామశాస్త్రి ధైర్యం చెప్పింది అంజికే. పథకం వేసేది అమృతం. అది ఎంత చెత్త పథకమో, దానివల్ల ఏ కొంప మునుగుతుందో ముందే పసిగట్టి, అయినా స్నేహం కొద్దీ తలూపేది అంజి. మనం ఆ కార్యక్రమాన్ని చూసింది అంజి కళ్లతో. అమృతం మారినా కళ్లు మారలేదు కాబట్టి ఏమీ తేడా తెలియలేదు. 2020లో మారింది మనం చూసే కళ్లే.

దానికి నాకు తోచిన దారి ఒకటి ఉంది. అంజి పాత్రను ఇంకొకరికి ఇవ్వకుండా, అమృత విలాస్ గల్లాపెట్టె వెనక గోడకు ఆయన ఫోటో పెట్టి, దండ వేసి, అక్కడే మొదలుపెట్టి ఉండాల్సింది. అమృతం కొత్త పథకం ఏదో ఆలోచిస్తాడు. అలవాటు కొద్దీ ఆ ఫోటో వైపు తిరిగి చెబుతాడు. వద్దనేవాడు లేడు కాబట్టి చేసేస్తాడు, కొంప మునుగుతుంది. అప్పాజీ అద్దె కోసం వచ్చి, అరవబోయి, గోడ మీదకు చూసి, చెప్పులు బయట విడిచి వచ్చి, అప్పుడు గొంతు తగ్గించి అరుస్తాడు. అలాంటి ఎపిసోడ్ ఉండి ఉంటే ఆ ఉగాది నాడు మా అమ్మకు పొయ్యి గుర్తొచ్చేది కాదు.